పదిహేనో నంబరు మీద పడిన ఎనిమిది

హైఫాంగ్ రేవు వెనక సందుల్లో లుయెన్ ఎవరని అడిగితే ముందు ఆమె అత్తగారి బండి చూపిస్తారు. పీతల గుజ్జుతో ఎర్రగా కాగే పులుసులో వెడల్పాటి నూడుల్స్ వేసి అందించే ఆ ముసలామె నోటికి ఆ వీధిలో ఎదురు లేదు. "మా కోడలు రోజూ గోడకి పిస్టల్ గురిపెట్టి నిలబడుతుంది. ఇన్నేళ్ళయినా ఆ గోడ చావలేదు" అని తినడానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఆ మాటలో వెటకారం ఎంత ఉండేదో గర్వమూ అంతే ఉండేది.

పెళ్ళికి ముందు లుయెన్ చెప్పుల ఫ్యాక్టరీలో అట్టలకు జిగురు రాసేది. ఏడాదికోసారి ఫ్యాక్టరీ రక్షణ దళంలో ఉన్నవాళ్ళకి తుపాకీ కాల్చడం నేర్పేవారు. నేర్పడానికి వచ్చిన థాక్ మాస్టారు ఆ పిల్ల చెయ్యి చాపి నిలబడిన తీరు చూసి, వరస అంతా అయిపోయాక మళ్ళీ పిలిచి నిలబెట్టారు. చెయ్యి అలాగే నిలిచింది. "జిగురు చెయ్యి కదండీ, గాలికి అతుక్కుపోయింది" అని తోటి పిల్లలు నవ్వారు. ఆ ఏడే మాస్టారు ఆమెను నగర జట్టులోకి తీసుకున్నారు.

అప్పటినుంచీ ఎయిర్ పిస్టలే ఆమె బతుకు. గొప్ప ఆటగత్తె అని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. తరవాత మాస్టారే నడిపిన దేశపు జట్టులో ముగ్గురుంటే మూడో మనిషి ఆమె. ఒంటరిగా ఏ పతకమూ రాలేదు. కానీ పోటీల్లో ఏదైనా తగువు వస్తే, గుండు గీత మీద పడిందా లోపల పడిందా అని ఇద్దరు వాదులాడుకుంటే, "లుయెన్‌ని అడగండి, ఆవిడ చూసింది చూసినట్టు చెబుతుంది" అనేవారు. ఆ పేరు పతకం కంటే పెద్దదని ఆమె లోలోపల మురిసిపోయేది. భర్త ఖియెమ్ పడవల ఇంజన్లు బాగుచేసేవాడు, మాటలు తక్కువ మనిషి. పోటీకి వెళ్ళే రోజు ఆమె పెట్టె మోటార్‌సైకిల్ మీద పెట్టుకుని బస్టాండు దాకా దింపేవాడు.

ఒక వర్షాకాలం లావోస్ నుంచి మనివాన్ అనే పిల్ల శిక్షణకి హైఫాంగ్ వచ్చింది. వాళ్ళ దేశంలో షూటింగ్ హాలు పాతబడిపోయిందని, కొన్ని నెలలు ఇక్కడ నేర్చుకోమని పంపించారు. పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో. వియత్నాం మాట వచ్చీరాకుండా మాట్లాడేది. లుయెన్ పక్క వరసలోనే నిలబడి సాధన చేసేది. మధ్యాహ్నం ఇద్దరూ అత్తగారి బండి దగ్గరే తినేవాళ్ళు.

"ఈ నూడుల్స్ జారిపోతాయి అక్కా. మా ఇంట్లో జిగురన్నం చేత్తో ముద్ద చేసుకుంటే కడుపులో నిలబడుతుంది" అనేది మనివాన్.

"ఏమ్మా, నా నూడుల్స్ నీ కడుపులో నిలబడకపోతే గిన్నె ఎందుకు ఖాళీ అయింది?" అనేది అత్తగారు.

ఆ పిల్లకి ఒక బలహీనత ఉండేది. ట్రిగ్గర్ నొక్కేముందు వేలు తడబడేది. లుయెన్ ఆమె వెనక నిలబడి, తన అరచెయ్యి పిల్ల మోచెయ్యి కింద తాకీ తాకకుండా పెట్టి, "వేలిని నమ్ము. నువ్వు చెప్పకుండా అది ఏ పనీ చెయ్యదు" అని మళ్ళీ మళ్ళీ చెప్పేది. వాన వెనకబట్టే సరికి ఆ తడబాటు పోయింది. వెళ్ళేరోజు మనివాన్ ఆమెను వాటేసుకుని ఏడ్చింది.

మరుసటి ఏడు చుట్టుపక్కల దేశాలన్నిటి ఆటల పోటీలు హనోయ్‌లో జరిగాయి. లుయెన్‌కి అవే ఆఖరివని అందరికీ తెలుసు. హాలులో వరసలు కేటాయించినప్పుడు ఆమెకి పద్నాలుగు వచ్చింది, పదిహేనులో మనివాన్. ఇద్దరూ చూసుకుని నవ్వుకున్నారు.

మొదటి దశలో అందరూ ఒకేసారి కాలుస్తారు. ఒక్కొక్కరికీ అరవై గుళ్ళు, సరిగ్గా నడుమ పడితే పది పాయింట్లు, దూరం జరిగేకొద్దీ తక్కువ. ఎవరి టార్గెట్ వాళ్ళది, పడిన గుండు ఎదురుగా ఉన్న చిన్న తెర మీద చుక్కగా కనిపిస్తుంది. ఎక్కువ పాయింట్లు వచ్చిన ఎనిమిదిమంది ఫైనల్‌కి వెళతారు. ముగ్గురి లెక్కా కలిపి జట్టు పతకాలు ఇస్తారు.

ఆట చివరికి వస్తుండగా లుయెన్ గుండు ఒకటి ఏడు మీద పడింది. వెనక కూర్చున్న సొంత ఊరి జనం నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. ఆమె పిస్టల్ బల్ల మీద పెట్టి, వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. నీళ్ళు తాగింది. మళ్ళీ వచ్చి నిలబడింది. చెయ్యెత్తింది. పిస్టల్ మొన వెనక నల్లటి గుండ్రం మసగ్గా కనబడింది. ఏ టార్గెట్ అయినా అలాగే కనబడుతుంది. ఊపిరి సగంలో నిలిపి నొక్కింది. చేతికి బాగానే అనిపించింది.

ఆమె తెర మీద చుక్క రాలేదు.

పాదాలవైపు చూసుకుంది. కుడి వైపుకి తిరిగి ఉన్నాయి. తలెత్తి చూస్తే ఎదురుగా పైన పదిహేను అని నంబరు. పక్కన మనివాన్ ఇంకా పిస్టల్‌లో గుండు పెట్టుకుంటోంది, కానీ ఆమె తెర మీద కొత్త చుక్క ఒకటి వెలిగింది. ఎనిమిది.

కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే తప్పు అది. అలా చేసినవాళ్ళు చెయ్యెత్తి అధికారికి చెప్పాలి. ఆ గుండుకి సున్నా పడుతుంది, పక్క వాళ్ళకి ఏమీ కాదు. లుయెన్ చెయ్యి ఎత్తబోయింది. సొంత దేశంలో, సొంత జనం ముందు, ఇరవై ఏళ్ళ ఆట తరవాత పక్కవాళ్ళ టార్గెట్‌ని కొట్టిన మనిషి. జట్టుకి పది పాయింట్లు పోతాయి. చెయ్యి బల్ల దాకా వచ్చి, అక్కడున్న గుళ్ళ డబ్బా మీద ఆగింది. ఒక గుండు తీసింది. పిస్టల్‌లో పెట్టింది. పాదాలు సరిచేసుకుని తన టార్గెట్ మీద కాల్చింది. పది పడింది. ఎవరూ చూడలేదు. చుట్టూ అన్ని పిస్టళ్ళు పేలుతున్నాయి.

అప్పటికి మనివాన్ చెయ్యెత్తింది.

అధికారి ఒక తలనెరిసిన మనిషి, వచ్చి వంగి అడిగాడు. పిల్ల తన వచ్చీరాని ఇంగ్లీషులో, నేను కాల్చలేదు, చుక్క వచ్చింది అంది. ఆయన వెనక నిలబడిన సహాయకుణ్ణి చూశాడు, అతను తల అడ్డంగా ఊపాడు. గమనించలేదట. ఆయన లుయెన్ వైపు తిరిగి, పదిహేను మీద మీరు కాల్చారా అని చేత్తో సైగ చేసి అడిగాడు.

లుయెన్ తల అడ్డంగా ఊపింది.

అవతలి పక్క పదహారో అమ్మాయినీ అడిగాడు, ఆమె కూడా కాదంది. ఆయన కాగితం తీశాడు. వేరేవాళ్ళు కాల్చారని తేలకపోతే ఆ గుండు టార్గెట్ ఎవరిదో వాళ్ళదే అవుతుంది, రూలు అది. కాగితం మీద అలాగే రాశాడు.

మనివాన్ లుయెన్ వైపు చూసింది. మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడలేదు. ఆ చూపులో అనుమానం ఏమీ లేదు. అక్క చూసి ఉంటే చెప్పేదిలే అన్నట్టుంది. లుయెన్ పక్కలు కనబడకుండా కళ్ళకి కట్టుకున్న అట్టలు సర్దుకుంటున్నట్టు మొహం తిప్పుకుంది.

ఆ ఎనిమిదితో మనివాన్ తొమ్మిదో స్థానంలో ఆగిపోయింది. ఫైనల్ పోయింది. లుయెన్ జట్టుకి కాంస్యం వచ్చింది, నాలుగో జట్టు కంటే మూడు పాయింట్లు ఎక్కువ.

హాలు బయట మెట్ల మీద మనివాన్ ఒక్కతే కూర్చుని ఉంది. లుయెన్ వేరే దారి కోసం చూసింది, వేరే దారి లేదు. పిల్ల లేచి నిలబడి చేతులు జోడించింది.

"కాంస్యం వచ్చిందంట కదక్కా. మంచిది."

"నువ్వు తిన్నావా?" అంది లుయెన్. ఆమె నోటికి ఆ మాటే వచ్చింది.

"ఆకలి లేదు. అక్కా, ఒకటి అడుగుతాను. నేనే కాల్చానంటావా? నాకు తెలియకుండా? మా కోచ్ అంటున్నారు, గుండు పెట్టేటప్పుడు వేలు తగిలి ఉంటుంది, నీకు ఆ అలవాటు ఉంది కదా అని. నాకు మాత్రం కాల్చినట్టు లేదు. కానీ వేలు నాకు చెప్పకుండా చేసిందేమో."

లుయెన్ అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పాలని నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే జట్టులోని దియెప్ వెనకనుంచి పరుగెత్తుకొచ్చి, "అక్కా, రా, పతకాలు ఇస్తున్నారు, మాస్టారు కేకలేస్తున్నారు" అని చెయ్యి పట్టుకుని లాగింది. దియెప్‌కి ఇరవై రెండేళ్ళు. పతకం వస్తే క్రీడా పాఠశాలలో ఉద్యోగం ఇస్తామని ఆ పిల్లకి మాట ఇచ్చారు. సంతోషంతో మొహం ఎర్రబడి ఉంది.

"ఏమో, చెప్పలేం" అని మనివాన్‌తో అనేసి లుయెన్ వెళ్ళిపోయింది.

ఆ రెండు మాటలే ఆమెను తరవాత ఎక్కువ బాధపెట్టాయి. చెయ్యి ఎత్తకపోవడం భయం. తల ఊపడం ఆ భయానికి తోక. కానీ "చెప్పలేం" అన్నప్పుడు ఎదురుగా అధికారి లేడు, దియెప్ తొందర ఒక సాకు మాత్రమే. ఆ పిల్ల చేత వేలిని తనే నమ్మించింది, తనే ఆ నమ్మకాన్ని తీసి నేల మీద పారేసింది.

హైఫాంగ్‌లో ఊరేగింపు లాంటిదే చేశారు. చెప్పుల ఫ్యాక్టరీ నుంచి పాత స్నేహితులు పూలగుత్తులు తెచ్చారు. సందులో బల్లలు పరిచారు. అత్తగారు ఆ రోజు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా గిన్నెలు నింపింది. "గోడ చావకపోయినా పతకం వచ్చింది" అని ప్రతి బల్ల దగ్గరా చెప్పింది. ఎవరో లుయెన్ చేత పతకం మెళ్ళో వేయించి ఫొటో తీశారు. పక్కింటి ముసలాయన గ్లాసు ఎత్తి, "మన సందులో ఒక నిజాయితీ గల మనిషికి మంచి జరిగింది, అది చాలు" అన్నాడు. లుయెన్ లేచి లోపలికి వెళ్ళింది. గిన్నెలు కడిగే తొట్టి దగ్గర కూర్చుని, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఖియెమ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

అతను లోపలికి వచ్చాడు. ఆమె పక్కన కూర్చుని గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు.

ఆ తరవాత ఆమె పతకాన్ని బట్టల కింద పెట్టేసింది. హాలుకి వెళ్ళడం తగ్గించింది. వయసు మీద పడింది కదా అనుకున్నారు. వీధిలో ఎవరైనా పలకరిస్తే మొహం వేడెక్కేది. మార్కెట్లో కూరలమ్మే ఆవిడ, "నీకైతే తూకం చూపించక్కర్లేదు, నీ మాట చాలు" అంటే, అక్కడికి వెళ్ళడమే మానేసి దూరంగా ఉన్న మార్కెట్‌కి వెళ్ళసాగింది.

వానలు మొదలైనప్పుడు థాక్ మాస్టారు బండి దగ్గరికి తినడానికి వచ్చారు. తింటూ తింటూ మామూలుగా చెప్పారు.

"లావోస్ కోచ్ ఫోన్ చేశాడు. ఆ పిల్ల మనివాన్ పాడైపోయిందంట. చెయ్యెత్తుతుందంట, నొక్కదంట. దించుతుంది, ఎత్తుతుంది, దించుతుంది. టైమంతా అలాగే అయిపోతోందంట. వేలు తన మాట వినదని ఏడుస్తోందంట. నువ్వు ఓసారి ఫోన్లో మాట్లాడు, నీ మాట వింటుంది."

లుయెన్ గరిటె పులుసు కుండ మీద పెట్టింది.

"మాస్టారూ, ఆ గుండు నాది" అంది.

ఆయనకి అర్థం కాలేదు. ఏ గుండు అన్నారు. ఆమె చెప్పింది. అత్తగారు పక్కనే ఉల్లికాడలు తరుగుతోంది. కత్తి ఆగింది. లుయెన్ ఏదీ దాచలేదు. తల ఊపినదీ, మెట్ల మీద అన్నదీ కూడా చెప్పింది.

మాస్టారు గిన్నె పక్కకి జరిపారు. "నాకు చెప్పలేదనుకో" అన్నారు. "ఆటలు అయిపోయాయి, ఫైనల్ అయిపోయింది. ఇప్పుడు చెప్తే ఆ పిల్లకి ఏం వస్తుంది? దియెప్ ఉద్యోగం పోతుంది. జట్టులో ఇంకో పిల్ల పతకమూ పోతుంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఫోన్ చేసి ధైర్యం చెప్పు, చాలు."

"ఏం ధైర్యం చెప్పను మాస్టారూ? వేలిని నమ్ము అని చెప్పనా?"

ఆయన లేచి వెళ్ళిపోయారు. అత్తగారు మళ్ళీ ఉల్లికాడలు తరగడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే అంది, "నేను వీధంతా గొప్పలు చెప్పుకున్నాను కదే. నాకైనా ఒక మాట చెప్పి ఉండాల్సింది. కాస్త మెల్లగా చెప్పుకునేదాన్ని."

లుయెన్ ఆ వారమే లావోస్ రాజధాని వియంటియాన్ బస్సు ఎక్కింది. ఖియెమ్ తోడు వస్తానన్నాడు, వద్దంది. ఫోన్లో చెబితే సరిపోదని ఆమెకి తెలుసు. ఫోన్లో మొహం దాచుకోవచ్చు.

అక్కడి షూటింగ్ హాలు రేకుల కప్పు కింద ఉంది. మనివాన్, ఆమె కోచ్, సాధన చేస్తున్న నలుగురైదుగురు ఉన్నారు. అక్క వచ్చిందని పిల్ల పరుగున ఎదురొచ్చింది. సన్నబడింది. లుయెన్ సంచి కింద పెట్టకుండానే, అందరూ వింటుండగా చెప్పింది.

"ఆ ఎనిమిది నేను కొట్టింది. నువ్వు కాల్చలేదు. నీ వేలు ఏ తప్పూ చెయ్యలేదు. నాకు అప్పుడే తెలుసు. అధికారి అడిగితే అబద్ధం చెప్పాను. మెట్ల మీద నువ్వడిగినప్పుడూ చెప్పలేదు."

మనివాన్ ఒక పట్టాన నమ్మలేదు. తనను ఓదార్చడానికి చెబుతోందనుకుంది.

"నువ్వు అలా చెయ్యవక్కా."

"చేశాను."

"ఆ అధికారి అడిగారు కదా నిన్ను."

"అడిగారు. కాదన్నాను."

పిల్ల మొహంలో రంగు మెల్లగా మారింది. కోచ్ తమ భాషలో ఏదో కోపంగా అన్నాడు. మనివాన్ చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. తన కుడిచేతి వైపు చూసుకుంది, వేలు ముడిచి తెరిచింది. ఇన్ని నెలలూ వేరేవాళ్ళ వేలు తన చేతికి తగిలించుకుని తిరిగినట్టు చూసుకుంది.

"ఇన్నాళ్ళు రాత్రి పూట చెయ్యి తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. దాన్ని చూడాలంటే అసహ్యం వేసేది" అంది. తరవాత, "మీరు బయటికి వెళ్ళండి" అంది.

అంతకు ముందెప్పుడూ లుయెన్‌ని ఆమె మీరు అనలేదు.

లుయెన్ బయటికి వచ్చి ఎండలో నిలబడింది. లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత పిస్టల్ పేలింది. కాసేపాగి మళ్ళీ పేలింది. తరవాత ఒక లయలో పేలుతూనే ఉంది. గుళ్ళు ఎక్కడ పడుతున్నాయో తెలియదు. తెలుసుకునే హక్కు తనకి లేదనుకుంది. ఎవరూ బయటికి రాలేదు. కొంతసేపు చూసి బస్టాండుకి నడిచింది.

హనోయ్‌కి వెళ్ళి అధికారుల దగ్గర కూడా అదే చెప్పింది. వాళ్ళు ముందు విసుక్కున్నారు, తరవాత ఒప్పుకోక తప్పలేదు. జట్టు పతకం వెనక్కి తీసుకుని నాలుగో జట్టుకి ఇచ్చారు. లుయెన్‌ని పోటీలనుంచి నిషేధించారు. ఆమె ఎలాగూ ఇక ఆడదు. దియెప్‌కి క్రీడా పాఠశాల ఉద్యోగం పోయింది. లుయెన్ వాళ్ళింటికి వెళితే తల్లి గుమ్మంలోనే నిలబడి, "మా పిల్ల పడుకుంది" అంది. లోపల్నించి దియెప్ గొంతు వినిపిస్తూనే ఉంది. చాలాకాలానికి ఆ పిల్ల ఒకరోజు బండి దగ్గరికి వచ్చింది, ఒక గిన్నె తింది, లుయెన్ మొహం చూడకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

పత్రికల్లో కొందరు ఆమె నిజాయితీని మెచ్చుకుంటూ రాశారు. అది ఆమెకి తిట్టు కంటే కష్టంగా ఉండేది. ఒక విలేఖరి వచ్చి, ఇంత ధైర్యం ఎలా వచ్చిందండీ అని అడిగాడు. "నాకు ధైర్యం ఉంటే ఆరోజే చెయ్యెత్తేదాన్ని బాబూ" అని లోపలికి వెళ్ళిపోయింది. అత్తగారే అతనికి నూడుల్స్ పెట్టి పంపించింది.

వీధిలో వాళ్ళు కొన్నాళ్ళు గుసగుసలాడుకున్నారు, తరవాత మానేశారు. ఇప్పుడు అత్తగారు కూర్చుంటుంది, లుయెన్ గరిటె పట్టుకుంటుంది. నూడుల్స్ కొంచెం ఎక్కువ పడినా సరే, తక్కువ పడ్డాయేమోనని ప్రతి గిన్నెనీ రెండోసారి చూస్తుంది.

మరోసారి ఆ దేశాల పోటీలు వేరే చోట జరిగినప్పుడు మనివాన్ ఫైనల్‌కి వచ్చింది. బండి పక్కన టీ కొట్టులో టీవీ పెట్టారు. జనం గుమిగూడారు. ఆ పిల్ల చెయ్యెత్తింది, నిలిపింది, నొక్కింది. ఐదో స్థానం వచ్చింది. టీ కొట్టతను చప్పట్లు కొట్టి, "మన సందులో తిని పెరిగిన పిల్లే. ఏం లుయెనక్కా, నీ దగ్గర నేర్చుకున్న చెయ్యే కదా అది" అన్నాడు.

అతను ఎగతాళికి అనలేదు, మంచికే అన్నాడు. లుయెన్‌కి అందరూ తనవైపే చూస్తున్నారనిపించింది, నిజానికి ఎవరూ చూడడం లేదు. పులుసు కుండ కింద మంట తగ్గించి, తల వంచుకుని తరవాతి గిన్నె అందుకుంది.